ఊరు కదలం అంటున్న అమ్మానాన్నలకు దూరం నుంచి ఏమేం అమర్చగలం?

తణుకు_చిన్నోడు:

నాన్నగారికి 79, అమ్మకి 73. తణుకు దగ్గర పల్లెలో సొంత డాబా ఇల్లు, ఇద్దరే ఉంటారు. నేను పుణెలో, అక్క న్యూజెర్సీలో. మా దగ్గరికి వచ్చేయమంటే ఇద్దరిదీ ఒకటే మాట: "కాళ్ళూ చేతులూ ఆడినన్నాళ్ళూ ఇక్కడే." ఆ మాట మీద వాదన పెట్టదలచుకోలేదు. అక్కడే క్షేమంగా ఉండటానికి నేను చేయగలిగింది ఏమిటన్నదే ప్రశ్న.

నాన్నగారు పోస్టల్ శాఖలో రిటైరయ్యారు, పెన్షను వస్తుంది. బీపీ, సుగర్, ప్రోస్టేట్ మాత్రలు వాడతారు. మోపెడ్ మీద బజారుకీ బ్యాంకుకీ ఆయనే వెళ్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, థైరాయిడ్. వంట అంతా ఆవిడే. పనిమనిషి పొద్దున గంటసేపు వచ్చి వెళ్తుంది.

వచ్చే నెల పది రోజులు ఊళ్ళో ఉంటాను. ముందుగా ఏవి చూడాలి? ఇంట్లో కెమెరాలు పెట్టించమని అక్క అంటోంది, నాకు మనసొప్పడం లేదు. "నన్ను ముసలాణ్ణి చేసేస్తున్నావు" అని నాన్నగారు అనుకోకుండా ఇదంతా ఎలా చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

కాలవగట్టు:

మొదటి రెండు రోజులు ఏ పనీ మొదలుపెట్టకండి. వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూడండి. మోటారు ఎవరు వేస్తున్నారు, ట్యాంకు నిండిందో లేదో చూడటానికి మేడ ఎవరు ఎక్కుతున్నారు, అటక మీది గిన్నె ఎవరు దించుతున్నారు, రాత్రి బాత్రూమ్‌కి ఏ దారిన వెళ్తున్నారు. తర్వాత ఇద్దర్నీ విడివిడిగా ఒకే మాట అడగండి: "ఇంట్లో మీకు విసుగ్గా ఉన్న పని ఏది?" ప్రమాదం అనే మాట ఎత్తొద్దు. విసుగు పుట్టిస్తున్న పనిని తీసేస్తే ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఇష్టంగా చేస్తున్న పనిని తీసేస్తే అక్కడే తగువు మొదలవుతుంది.

ఇక ఇల్లు. ముందు చూడాల్సింది తలుపులు. పక్కింట్లో తాళంచెవి ఇచ్చామని చాలామంది నిశ్చింతగా ఉంటారు. రాత్రి లోపల గొళ్ళెం, పైన ఒకటి, కింద ఒకటి టవర్ బోల్టులు వేసుకుని పడుకుంటే ఆ తాళంచెవి ఎందుకూ కొరగాదు, తలుపు పగలగొట్టాల్సిందే. వీధి తలుపుకి లోపలా బయటా రెండువైపులా తాళంచెవితో తెరుచుకునే మంచి తాళం బిగించి, రాత్రి దాన్నే వాడమనండి. ఆ రకంలో కొన్ని తాళాలకి లోపల చెవి పెట్టి వదిలేస్తే బయటి చెవి దూరదు, కొనేటప్పుడే రెండు చెవులూ పెట్టి చూడండి. దొంగల భయం ఉంటే బయట ఇనుప గ్రిల్ తలుపు పెట్టించి, దాని తాళంచెవి కూడా పక్కింట్లో ఇవ్వండి.

బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడిపోయిన మనిషే అడ్డమై తలుపు తెరుచుకోదు. కబ్జాలు మార్పించి బయటికి తెరుచుకునేలా చేయించండి, వడ్రంగికి పూట పని. లోపలి గడియ తీసేసి, బయట నుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే లాక్ పెట్టించండి. వాళ్ళ మర్యాదకి లోటు ఉండదు, అవసరానికి తలుపూ తెరుచుకుంటుంది.

పట్టుకునే రాడ్లు కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి ఉండాలి. స్టీలు గొట్టం 32 నుంచి 38 మిల్లీమీటర్ల లావు ఉంటే పిడికిలికి సరిగ్గా అందుతుంది. గోడకీ రాడ్‌కీ మధ్య ఒకటిన్నర అంగుళం సందు చాలు, అంతకంటే ఎక్కువైతే జారిన చెయ్యి అందులో ఇరుక్కుంటుంది. ఎత్తు కొలత చూసి పెట్టకండి. అమ్మని కమోడ్ మీద కూర్చుని లేవమనండి, లేచేటప్పుడు చెయ్యి గోడ మీద ఎక్కడ ఆనిందో అక్కడ సుద్దముక్కతో గీయండి. రాడ్ అక్కడే రావాలి. బోల్టు టైలూ ప్లాస్టరూ దాటి ఇటుకలోకి దిగాలి. టైలు మీద కొడితే డొల్లగా మోగే చోట వద్దు. పాత ఇళ్ళలో మట్టి అడుసుతో కట్టిన గోడలుంటాయి, వాటిలో యాంకర్ బోల్టు నిలవదు. అలాంటి చోట నేలకి బిగించే రాడ్ గానీ, కమోడ్ చుట్టూ నిలబడే నాలుగు కాళ్ళ ఫ్రేము గానీ మేలు. వాక్యూమ్‌తో అంటుకునే రాడ్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. ఒంటి బరువు పడగానే ఊడివస్తాయి, కొనకండి. "ఆసుపత్రిలా ఉంది" అంటే దాని మీద తువ్వాలు ఆరేసుకోమనండి. రాడ్ మీద తువ్వాలు వేయొచ్చు గానీ తువ్వాలు వేసుకునే సన్న రాడ్ మనిషిని మోయలేదు.

మోకాళ్ళ నొప్పికి కమోడ్ ఎత్తు 18 అంగుళాల దగ్గర ఉంటే లేవడం తేలిక. మామూలు కమోడ్ 16 అంగుళాలకి అటూఇటుగా ఉంటుంది. పైన బిగించే రైజర్ సీటు పెడితే చాలు, పగలగొట్టి కొత్తది పెట్టక్కర్లేదు. ఇంట్లో ఉన్నది ఇండియన్ టాయిలెట్ ఒక్కటే అయితే దాని మీద పెట్టే కుర్చీ దొరుకుతుంది, కాళ్ళకి రబ్బరు బుడిపెలున్నది చూసి తీసుకోండి.

మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రి వెలుగుండాలి. మనిషి కదిలితే వెలిగే సెన్సార్ దీపాలు రెండు చాలు. బాత్రూమ్ లైటు ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో మెయిన్ ఆపి చూడండి. చాలా ఇళ్ళలో హాలూ పడకగదీ మాత్రమే ఇన్వర్టర్ మీద ఉంటాయి. కరెంటు పోయిన రాత్రే కాలు జారేది. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసే పని మాత్రం నాన్నగారికి వదలకండి. అది యాసిడ్‌తో పని. మూడు నెలలకోసారి వచ్చి చూసేలా బ్యాటరీ షాపు వాడితో మాట్లాడండి.

ఇక మోటారు. నీళ్ళు నిండాయేమోనని మేడ మెట్లు ఎక్కడం మన ఊళ్ళలో పెద్దవాళ్ళు పడిపోవడానికి ఒక కారణం. ఆటోమేటిక్ వాటర్ లెవెల్ కంట్రోలర్ పెట్టించండి. పై ట్యాంకులో నిండింది, తగ్గింది అని చెప్పే సెన్సార్లు, కింద సంపు ఎండితే మోటారు ఆపేది ఒకటి. ఉప్పునీళ్ళ ఊళ్ళో, నీళ్ళలో వేలాడే తీగల రకం కొన్ని నెలల్లోనే తెల్లగా పొరకట్టి పనిచేయదు. అయస్కాంతంతో పనిచేసే ఫ్లోట్ రకం అడిగి తీసుకోండి. పాత చేతిస్విచ్ తీసేయించకండి. కంట్రోలర్ పాడైన రోజు నాన్నగారు స్విచ్ వేసుకోగలగాలి, లేకపోతే నీళ్ళ కోసం మీకు ఫోన్ చేయాల్సి వస్తుంది, ఆయనకి అది నచ్చదు. సంపు మూతకి పట్టు సరిగా ఉందో, పగిలిందో కూడా చూడండి.

వంటింట్లో గ్యాసు గొట్టం మీద తేదీ ఉంటుంది, ఐదేళ్ళు దాటితే మార్చాలి. వాసన వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు 1906, పొయ్యి దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. అమ్మ రోజూ వాడే గిన్నెలూ డబ్బాలూ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులోకి రావాలి. కానీ సర్దడం ఆవిడ చెప్పినట్టే జరగాలి. మీరు సర్దేసి వెళ్తే మర్నాడే వెతుక్కోలేక స్టూలు ఎక్కుతారు.

తెల్లకోటు:

కాలవగట్టు గారు రాత్రి దీపాల గురించి చెప్పారు. పడిపోవడానికి చీకటితో పాటు మందులూ కారణమే. ప్రోస్టేట్‌కి రాత్రి పూట ఇచ్చే టామ్సులోసిన్ లాంటి మాత్రలు లేచి నిలబడగానే బీపీ పడిపోయేలా చేస్తాయి. దానికి బీపీ మాత్ర తోడైతే ఇంకా ఎక్కువ. ఆ మాత్ర వేసుకున్నవాళ్ళే రాత్రి మూత్రానికి లేస్తారు కూడా. అందుకని లేవగానే నడవకుండా మంచం అంచున కాళ్ళు కిందికి వేసి ఒక నిమిషం కూర్చోవాలి. మీరున్నప్పుడు ఒకసారి ఇలా చూడండి: ఐదు నిమిషాలు కూర్చున్నాక బీపీ కొలవండి, నిలబడ్డాక ఒకటి నుంచి మూడు నిమిషాల లోపు మళ్ళీ కొలవండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించాలి. ఏ మాత్రా సొంతంగా మానేయకూడదు.

తర్వాత ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, సొరుగుల్లోవీ ఫ్రిజ్ మీదవీ సహా, ఒక పళ్ళెంలో పోయండి. స్ట్రిప్ మీద కంపెనీ పేరు వదిలేసి కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉండి, రెండూ వేసుకుంటున్నవాళ్ళు చాలామంది. ఒక డాక్టరు రాసింది తణుకులోది, ఇంకొకరు రాసింది విజయవాడలోది అయినప్పుడు ఇలా జరుగుతుంది. మందు పేరు, మోతాదు, ఏ పూట, ఎందుకు అని ఒకే కాగితం తెలుగులో రాసి మీ అందరి ఫోన్లలో ఫోటో ఉంచండి. వారానికి సరిపడా పూటల వారీ గళ్ళున్న డబ్బా కొనివ్వండి. ఆదివారం దాన్ని నింపే పని వాళ్ళదే. ఫోన్‌లో "మందు వేసుకున్నారా" అని రోజూ అడగడం కంటే, ఆదివారం గళ్ళు ఖాళీ అయ్యాయా అని వాళ్ళే చూసుకోవడం మేలు.

నాన్నగారి సుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఉందేమో చూడండి. అది వేసుకుని అన్నం మానేస్తే సుగర్ పడిపోతుంది. శనివారం ఒంటిపూట భోజనం, కార్తీక సోమవారాల ఉపవాసం ఉన్న ఇళ్ళలో ఇది తప్పకుండా మాట్లాడాల్సిన విషయం. ఉపవాసం మానమని చెప్పకండి, మానరు. ఉపవాసం రోజు ఏ మాత్ర, ఎంత వేసుకోవాలో డాక్టరు చేత ఆ కాగితం మీదే రాయించండి. చెమట, వణుకు, తికమక వచ్చి మీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే మూడు నాలుగు టీ చెంచాల చక్కెర గానీ గ్లూకోజు గానీ నీళ్ళలో కలిపి తాగించాలి, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి, తేరుకున్నాక భోజనం పెట్టాలి. ఈ మాత్రతో పడిన సుగర్ కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడొచ్చు, అందుకని ఆ రోజంతా ఎవరో ఒకరు పక్కన ఉండాలి, డాక్టరుకి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

అమ్మగారి థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి, కాఫీకి కనీసం అరగంట ముందు. మోకాళ్ళకి కాల్షియం కూడా వాడుతుంటే రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండూ కలిపి వేసుకుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదు, రిపోర్టు చూసి డాక్టరు మోతాదు పెంచుకుంటూ పోతారు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పి ఇంజెక్షన్ల సంగతి కూడా అడగండి, కోప్పడకుండా. డైక్లోఫినాక్ లాంటివి తరచుగా వాడితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ సుగర్‌ని అమాంతం పెంచుతుంది. పిలిస్తే ఇంటికి వచ్చే మనిషి ఆయనొక్కడే కాబట్టి ఆయన్ని దూరం చేయమనడం కుదరదు. మందుల కాగితం ఒక కాపీ ఆయనకే ఇచ్చి, ఇద్దరికీ నొప్పి ఇంజెక్షన్లు వేయొద్దని మర్యాదగా చెప్పిరండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో తికమకగా మాట్లాడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం వయసు వల్ల వచ్చేది కాదు. సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, సుగర్ పడటం దీనికి ఎక్కువగా కనిపించే కారణాలు. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే అందులో నీరు తీసే మందు కలిసి ఉందన్నమాట, ఎండాకాలంలో సోడియం పడిపోవడానికి అదొక కారణం. ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. అదే నెలల తరబడి మెల్లగా వస్తుంటే, అంటే కట్టిన బిల్లే మళ్ళీ కట్టడం, గిన్నెలు మాడటం, తెలిసిన వీధిలో దారి తప్పడం లాంటివి కనిపిస్తుంటే, ముందు బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించి, వినికిడి కూడా చూపించండి. వినపడక తప్పు జవాబు చెప్పేవాళ్ళని మతిమరుపు మనిషి అనుకునే ఇళ్ళు ఎన్నో.

మూతి ఒక పక్కకి వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పక్షవాతమే అనుకుని బయల్దేరాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు, అంతకుముందు స్కాన్ తీయాలి. కాబట్టి రాత్రీ పగలూ సీటీ స్కాన్ ఉండి ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి మీ ఊరికి దగ్గర్లో ఏదో మీరున్నప్పుడే వెళ్ళి కనుక్కుని, పేరూ నంబరూ గోడ మీద రాయండి. లక్షణం ఎన్ని గంటలకి మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోమని ఇద్దరికీ చెప్పండి.

లెడ్జర్:

డబ్బు సంగతి నేను చెప్తాను. బ్యాంకు పని ఆయన చేతిలోంచి తీసుకోకండి. నెలకోసారి బ్యాంకుకి వెళ్ళడం ఆయనకి నడకా, నలుగురితో మాటా. మీరు చేయాల్సింది, ఏ ఒక్క పొరపాటుతోనూ మొత్తం పోకుండా చూడటం. పెన్షనూ డిపాజిట్లూ ఉన్న ఖాతాని ఫోన్‌పే, గూగుల్‌పేలకి కలపొద్దు. రెండో ఖాతా ఒకటి తెరిచి, నెల ఖర్చుకి సరిపడా డబ్బు మాత్రం అందులో ఉంచి, యూపీఐ దానికే కలపండి. ఏటీఎం కార్డుకి విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం ఆపేసి, రోజు పరిమితి తగ్గించండి. ఇదంతా ఆయన పక్కన కూర్చుని ఆయన చేతే చేయించండి.

మోసాల గురించి భయపెట్టే వీడియోలు పంపడం కంటే మూడు సంగతులు చెప్తే చాలు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు, పోలీసులు వీడియో కాల్‌లో ఎవర్నీ అరెస్టు చేయరు. చలానా అనో పెళ్ళి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, తెరిస్తే ఫోన్ వాళ్ళ చేతికి వెళ్తుంది. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ బాగుచేయడానికి మీరు కూడా స్క్రీన్ షేరింగ్ యాప్‌లు అలవాటు చేయకండి. మీరు అడిగితే పెట్టుకున్నవాళ్ళు రేపు బ్యాంకు పేరు చెప్పి ఎవరడిగినా పెట్టుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బు పోయినా తిట్టనని ముందే చెప్పి ఉంచండి. చాలామంది పిల్లలకి చెప్పడానికి జంకి ఆ మొదటి గంటలు పోగొట్టుకుంటారు.

పెన్షను దగ్గర మూడు పనులు. కేంద్ర పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. బ్యాంకుకి వెళ్ళే ఓపిక లేని ఏడాది పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి 70 రూపాయలకి డిజిటల్‌గా చేసిపెడతారు. ఫోన్‌లో అయితే జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఉండాలి. వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకి ముఖంతో చేయడమే నయం, ముఖం మీద వెలుతురు పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. పీపీఓ (పెన్షను మంజూరు చేసిన ఆర్డరు) నంబరు, ఖాతా నంబరు తప్పు పడితే సర్టిఫికెట్ తయారైనట్టే కనిపించి తర్వాత తిరస్కరిస్తారు, అందుకని రెండు రోజులాగి ఆమోదం వచ్చిందో చూడండి. రెండోది, 80 నిండిన నెల నుంచి కేంద్ర పెన్షనర్లకి బేసిక్ పెన్షను మీద 20 శాతం అదనంగా వస్తుంది. పీపీఓలో పుట్టిన తేదీ సరిగా ఉందో ఇప్పుడే చూడండి. మూడోది, అమ్మగారి పేరూ పుట్టిన తేదీ పీపీఓలో ఉన్నాయా, పెన్షను ఖాతా ఇద్దరి పేర్న ఉందా. ఉంటే తర్వాత ఫ్యామిలీ పెన్షను కోసం ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు.

70 దాటినవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షలు, అది భార్యాభర్తలిద్దరికీ కలిపి. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఉండే ఆరోగ్య పథకం) ఉంటే రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. కార్డు తీసుకోండి, కానీ మీరు ఎంచుకున్న ఆసుపత్రి దాన్ని ఏ చికిత్సకి తీసుకుంటుందో వాళ్ళ డెస్కు దగ్గర అడిగి తెలుసుకోండి.

తణుకు_చిన్నోడు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ నమస్కారం. పీపీఓ విషయం అసలు తట్టనే లేదు. ఇంకో మూడు అడగాలి. పనిమనిషిని రోజంతా ఉండేలా మాట్లాడదామనుకుంటున్నా, జీతం నేను పంపేలా. అది సరైనదేనా? ఇద్దరూ బాగున్నారని రోజూ తెలిసే మార్గం కెమెరా కాకుండా ఏముంది? మోపెడ్ ఆపమని ఎలా చెప్పాలి?

వీధరుగు:

జీతం మీరు పంపకండి. జీతం ఎవరిస్తే పనిమనిషి వాళ్ళ మాట వింటుంది. మీరిస్తే అమ్మగారు తన వంటింట్లోనే తను పరాయిదవుతారు, నెల తిరక్కుండానే "ఈవిడ వద్దు" అంటారు. కావలసిన డబ్బు అమ్మగారి ఖాతాలో వేయండి. మనిషిని చూసుకోవడం, జీతం మాట్లాడటం, చేతికివ్వడం, మాన్పించడం అన్నీ ఆవిడవే. రోజంతా అని మొదలుపెట్టకండి. ఉన్న మనిషికే ఇంకో గంట కలిపి, అమ్మగారు విసుక్కునే పని ఒక్కటి, బట్టలు ఆరేయడమో ఇల్లు తుడవడమో, అప్పగించమనండి. వంట జోలికి వెళ్ళొద్దు. ఒంట్లో బాగోలేని రోజుకి ఊళ్ళో కర్రీ పాయింటు నంబరు ఉంటే చాలు, అన్నం కుక్కర్‌లో పెట్టుకుంటారు. పనిమనిషికి మీరు చాటుగా ఫోన్ చేసి ఆరా తీయడం అస్సలు వద్దు. పల్లెలో ఆ సంగతి సాయంత్రానికి అమ్మగారి చెవిన పడుతుంది.

రోజూ క్షేమం తెలియడానికి ఊళ్ళో ఇప్పటికే ఉన్న అలవాటునే వాడుకోండి. పొద్దున్నే పాలు పోసే అతను తలుపు కొట్టినా ఎవరూ రాకపోతే, నిన్నటి పేపరు అరుగు మీదే ఉంటే, మీకు ఫోన్ చేయమని చెప్పిరండి. ఈ ఏర్పాటు అమ్మానాన్నల ఎదుటే చెప్పాలి. దానికి తోడు, పొద్దున ఎనిమిదిన్నర లోపు వాళ్ళు మీకో మిస్డ్ కాల్ ఇవ్వాలి. రాకపోతే మీరు ఇద్దరి ఫోన్లకీ చేస్తారు. తొమ్మిదింటికీ ఎత్తకపోతే పక్కింటివాళ్ళకి చేస్తారు, వాళ్ళు తాళంచెవితో వెళ్తారు. ఈ వరస కాగితం మీద రాసి వాళ్ళ చేత ఒప్పించుకోండి. ముందే ఒప్పుకున్నది కాబట్టి పక్కింటివాళ్ళు తలుపు తీసినా వాళ్ళకి కోపం రాదు. ఊరికి వెళ్ళేటప్పుడు ముందు రోజు చెప్పడం కూడా అందులోనే రాయండి, లేకపోతే నాలుగు ఉత్త పిలుపుల తర్వాత ఎవరూ పట్టించుకోరు. పక్కింట్లో ఒక్కరినే నమ్ముకోవద్దు, వాళ్ళు పెళ్ళికి వెళ్ళిన రోజుకి రెండో ఇల్లు ఉండాలి.

కెమెరా విషయంలో మీ మాటే సరి. ఇంట్లో కెమెరా ఉంటే అమ్మగారు కొంగు సర్దుకుంటూ బతకాలి. కావాలంటే గేటు వైపు ఒకటి, ఎవరొచ్చారో వాళ్ళకే కనపడేలా, ఆపే స్విచ్ వాళ్ళ చేతిలో.

తెల్లకోటు:

కెమెరా విషయంలో చిన్న తేడాతో ఒప్పుకుంటాను. మతిమరుపు జబ్బు నిర్ధారణ అయ్యి, ఇంటి నుంచి వెళ్ళిపోయే ప్రమాదం ఉన్నప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు కూడా పడకగదిలో కాదు, గుమ్మం దగ్గర. మీ ఇంట్లో ఇప్పుడు ఆ అవసరం లేదు.

కాలవగట్టు:

మోపెడ్ ఆపమని చెప్పకండి, ముందు కళ్ళు చూపించండి. కంటిలో శుక్లం ముదిరినవాళ్ళకి ఎదుటి బండి దీపం చెదిరి కనపడుతుంది, పగలు బాగానే ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక బండి మామూలుగా నడిపేవాళ్ళున్నారు. తర్వాత లైసెన్సు తేదీ చూడండి. 55 దాటాక ఐదేళ్ళకోసారి రెన్యువల్, దానికి డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ కావాలి. పరీక్ష చేసి డాక్టరు "ఇంక వద్దు" అంటే ఆ మాట మీ నోటి నుంచి రానక్కర్లేదు. లైసెన్సు గడువు దాటాక ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు పేచీ పెడతారన్నది ఆయన కూడా ఒప్పుకునే కారణం.

ఇక నడిపినన్నాళ్ళూ కొన్ని హద్దులు ఆయనే పెట్టుకోవాలి: పగలు మాత్రమే, హైవే దాటకుండా, హెల్మెట్‌తో, సుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బయల్దేరకుండా. ఈలోపు ఊళ్ళో నమ్మకమైన ఆటో అతనితో నెలవారీ లెక్క మాట్లాడండి. బండి మానేసిన రోజున ఇంట్లో ఇరుక్కుపోకుండా ఉండాలంటే ఆటో అలవాటు బండి ఉండగానే మొదలవ్వాలి. ఆటో అతనికి ఫోన్ చేసేది ఆయనే, డబ్బు ఇచ్చేదీ ఆయనే.

వకాల్తా:

ఆస్తి కాగితాల గురించి రెండు మాటలు. ఇల్లు ఇప్పుడే మీ పేర్న గిఫ్ట్ డీడ్ రాస్తామని వాళ్ళంతట వాళ్ళు అన్నా వద్దనండి. బతికున్నన్నాళ్ళూ ఇల్లు వాళ్ళ పేర్నే ఉండాలి. ఎవరికైనా రాయాల్సి వస్తే, తమని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షను ఆ షరతు తప్పితే దస్తావేజు రద్దు చేయించుకునే వీలిస్తుంది. మీ ఇద్దరికీ ఇవ్వదలిస్తే వీలునామా చాలు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, ఆస్తి పొందేవాళ్ళు సాక్షులు కాకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే తర్వాత తగువులు తక్కువ.

పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే ఎప్పటికీ సరిపోతుందని చాలామంది నమ్మకం. మన చట్టంలో రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ పవర్ కూడా పోతుంది, అంటే సరిగ్గా అవసరమైన రోజున అది పనికిరాదు. అందుకే బ్యాంకు ఖాతాలు ఇద్దరి పేర్న, ఎవరైనా ఒకరు నడిపేలా ఉండటం, ప్రతి ఖాతాకీ నామినీ ఉండటం మేలు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలు పెట్టుకోవచ్చు.

వీధరుగు:

అందరూ చెప్పినవాటిలో రాని సంగతి ఒకటుంది. ఇద్దరిలో ఒకరు ఆసుపత్రిలో చేరితే రెండోవాళ్ళ పరిస్థితి ఏమిటి? ఆసుపత్రిలో పక్కన ఒక మనిషి ఉండాలంటారు. అమ్మగారు అక్కడ కుర్చీలో కూర్చుని రాత్రులు గడిపితే మోకాళ్ళతో ఆవిడా మంచాన పడతారు. మీరు పుణె నుంచి చేరడానికి ఒక పూటైనా పడుతుంది. ఆ పూట ఆసుపత్రిలో ఎవరు, ఇంట్లో ఎవరు అని ఇద్దరి పేర్లు ఇప్పుడే అనుకుని వాళ్ళని అడిగి ఒప్పించుకోండి. బంధువుల్లో బైక్ నడిపే కుర్రాడు ఒకరు ఉంటే సగం పని అయినట్టే. ఒక గుడ్డ సంచిలో ఆధార్ కాపీలు, ఆరోగ్య కార్డులు, మందుల కాగితం, పాత డిశ్చార్జి సమ్మరీలు, కళ్ళజోడు, ఫోన్ ఛార్జర్, కొంత నగదు పెట్టి బీరువాలో కాకుండా తలుపు వెనక మేకుకి తగిలించండి. అడ్వాన్సు కట్టమంటే మీరు ఫోన్ నుంచి పంపగలరు, కానీ రాత్రి పూట సర్వర్ పనిచేయని రోజూ ఉంటుంది.

ఇంకొకటి, ఒకరి పని రెండోవాళ్ళకి రావాలి. మన ఇళ్ళలో అమ్మలకి ఏటీఎం పిన్ తెలియదు, నాన్నలకి అన్నం వండటం రాదు. మీరున్న పది రోజుల్లో అమ్మగారు ఒకసారి ఏటీఎం నుంచి డబ్బు తీయాలి, గ్యాసు బుక్ చేయాలి, మోటారు వేయాలి. నాన్నగారు ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం, పప్పు పెట్టాలి, అమ్మగారి మాత్రల డబ్బా నింపాలి. మీరు పక్కన నిలబడండి, చెయ్యి పెట్టకండి. ఒకరికొకరు నేర్పుకుంటే ఇంకా మంచిది, మీరు నేర్పితే బోధన అవుతుంది. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 కూడా ఆ గోడ మీది కాగితంలో రాయండి. పెన్షను, చట్టం, వేధింపులు, ఒంటరితనం, ఏ విషయానికైనా వాళ్ళే నేరుగా తెలుగులో మాట్లాడుకోవచ్చు, మధ్యలో మీరు ఉండక్కర్లేదు.